అనుబంధ ప్రశ్నకు చోటు లేని సభ

లోక్‌సభలో ఉదయం 11 గంటలకు ప్రశ్నోత్తరాల గంట మొదలవగానే స్పీకర్ ఒక సభ్యుడి పేరు పిలుస్తారు. ఆ సభ్యుడు లేచి తన ప్రశ్న సంఖ్య మాత్రం చెబుతారు. మంత్రి లేచి, సమాధానాన్ని సభ ముందు ఉంచుతున్నానని ఒక్క వాక్యంలో ముగిస్తారు. టీవీలో చూస్తున్నవారికి అప్పటికి ప్రశ్న ఏమిటో, జవాబు ఏమిటో తెలియదు. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. జవాబు చదువుకున్న సభ్యుడు అందులో దాటవేసిన అంశం పట్టుకుని అనుబంధ ప్రశ్న వేస్తారు. దానికి మంత్రి అక్కడికక్కడే, నోటితో, సభ రికార్డులోకి ఎక్కేలా బదులు చెప్పాలి. ప్రశ్న వేసిన సభ్యుడికి రెండు అనుబంధ ప్రశ్నలు దక్కుతాయి. ఆ తర్వాత స్పీకర్ పిలిచిన ఇతర సభ్యులు, ఏ పార్టీ వారైనా, అందుకోవచ్చు.

పార్లమెంటు సమయం వృథా అవుతోందన్న విచారం ప్రతి సమావేశాల చివరా వింటాం. ఎన్ని గంటలు నడిచాయి, ఎన్ని గంటలు పోయాయి అన్న లెక్కలూ చదువుతాం. అయితే ఆ లెక్కలు అన్ని గంటలనూ ఒకే గాటన కడతాయి. బిల్లుపై చర్చకు కేటాయించిన గంట పోతే బిల్లు ఆగదు. అవును, కాదు అన్న కేకలను బట్టి తేల్చే మూజువాణి ఓటుతో గట్టెక్కుతుంది. ప్రశ్నోత్తరాల గంట పోతే మాత్రం దానిలో జరగవలసింది మరెక్కడా జరగదు. వాయిదాలలో మనం పోగొట్టుకుంటున్న వాటిలో అన్నిటికన్నా విలువైనది అనుబంధ ప్రశ్నేనని నా అభిప్రాయం.

ఆ గంట వెనుక ఉన్న ఏర్పాటు చాలా పకడ్బందీ అయినది. సాధారణంగా 15 రోజుల ముందు సభ్యుడు నోటీసు ఇవ్వాలి. నోటీసులు ఎక్కువ గనుక ఎవరి ప్రశ్నకు ముందు చోటు దక్కాలో లాటరీ ద్వారా తేలుస్తారు. లోక్‌సభలో రోజుకు 20 ప్రశ్నలకు నక్షత్ర గుర్తు ఉంటుంది, వాటికి మంత్రి మౌఖికంగా జవాబు చెప్పాలి. మరో 230 ప్రశ్నలకు నక్షత్ర గుర్తు ఉండదు, వాటికి లిఖితపూర్వక సమాధానమే వస్తుంది, అనుబంధ ప్రశ్నకు వీలుండదు. మంత్రిత్వ శాఖలను ఐదు వర్గాలుగా విడగొట్టి సోమవారం నుంచి శుక్రవారం వరకు ఒక్కో వర్గానికి ఒక్కో రోజు కేటాయిస్తారు. అంటే ఒక శాఖ వంతు వారానికి ఒక్కసారే వస్తుంది. ఆ రోజు కోసం శాఖ అధికారులు జవాబుతో పాటు, ఏ దిక్కు నుంచి ఏ అనుబంధ ప్రశ్న రావచ్చో ఊహించి విడిగా ఒక నోట్ తయారు చేసి మంత్రికి ఇస్తారు. వారిలో కొందరు ఆ గంటసేపూ అధికారుల గ్యాలరీలో కూర్చుంటారు. జిల్లాల నుంచి లెక్కలు తెప్పించుకోవడం, ఆగిన పనులు ఎందుకు ఆగాయో ఆరా తీయడం, పాత హామీలు వెతకడం, ఇవన్నీ మంత్రి సభలో నిలబడవలసి ఉందన్న భయంతో జరిగే పనులు. సభ వాయిదా పడుతుందని ముందే తెలిస్తే ఆ భయం ఉండదు.

అనుబంధ ప్రశ్న విలువ ఏమిటో మనకన్నా ముందు బ్రిటిష్ ప్రభుత్వం గుర్తించింది. 1892 చట్టం ద్వారా శాసన మండళ్ల సభ్యులకు ప్రశ్నలడిగే హక్కు ఇచ్చింది గానీ, వచ్చిన జవాబుపై మళ్లీ అడిగే హక్కు ఇవ్వలేదు. 1909లో మింటో-మార్లే సంస్కరణలతో అనుబంధ ప్రశ్న వేసే అవకాశం వచ్చింది, అదీ మొదటి ప్రశ్న వేసిన సభ్యుడికే. అధికారి రాసిచ్చిన కాగితం చదివి కూర్చోవడానికి ఏ పాలకుడికీ అభ్యంతరం ఉండదు. ఆ కాగితం మీద రెండో ప్రశ్న పుట్టినప్పుడే ఇబ్బంది మొదలవుతుంది.

స్వతంత్ర భారతంలో ఆ ఇబ్బంది ఎంత దూరం వెళ్లగలదో 1957లో తెలిసింది. అంతకు ముందు ఏడాదే ఏర్పడిన జీవిత బీమా సంస్థ, హరిదాస్ ముంధ్రా అనే పారిశ్రామికవేత్త కంపెనీల షేర్లలో కోటి రూపాయలకు పైగా పాలసీదారుల సొమ్ము పెట్టిందన్న విషయం లోక్‌సభలో ప్రశ్నగా వచ్చింది. జవాబులు తృప్తినివ్వకపోవడంతో ఫిరోజ్ గాంధీ పట్టు వదలలేదు. ఆయన పాలక కాంగ్రెస్ సభ్యుడు, ప్రధాని నెహ్రూకు అల్లుడు. డిసెంబరులో విషయం సభలో చర్చకు వచ్చింది, జస్టిస్ ఛాగ్లా బహిరంగ విచారణ జరిపారు, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. పాలక పక్ష సభ్యుడే తన మంత్రిని నిలదీయడాన్ని ఆనాటి సభ ద్రోహంగా చూడలేదు. ఈనాడు పాలక పక్ష సభ్యులకు అవకాశం వస్తే అందులో సగం మంత్రిని అభినందించడానికే ఖర్చవుతోంది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇది మారడం లేదు. తన నియోజకవర్గం కోసం లాటరీలో వచ్చిన అరుదైన అవకాశాన్ని సభ్యుడు ఇలా చేజార్చుకోవడం చూస్తే బాధ కలుగుతుంది.

ఇక 2020 సంగతి. కోవిడ్ కాలంలో సెప్టెంబరు 14న మొదలైన వర్షాకాల సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయాన్ని పూర్తిగా తొలగించి, లిఖితపూర్వక సమాధానాలకే పరిమితం చేశారు. 1962 చైనా యుద్ధ సమయంలోనూ, ఎమర్జెన్సీలోనూ ఇలా జరిగిన మాట నిజమే. అయితే 2020లో సభ కూర్చుంది, బిల్లులు వచ్చాయి, చర్చలు జరిగాయి. ఆ ఒక్క గంట మాత్రం లేదు. లాక్‌డౌన్‌లో సొంత ఊళ్లకు నడిచి వెళుతూ ఎంతమంది వలస కార్మికులు మరణించారన్న ప్రశ్నకు, అలాంటి వివరాలు తమ వద్ద లేవని కార్మిక శాఖ ఆ సమావేశాల్లోనే రాతపూర్వకంగా జవాబిచ్చింది. సభ మామూలుగా నడుస్తూ ఉంటే, ఆ జవాబు వచ్చిన మరుక్షణం ఎవరో ఒకరు లేచి ఎందుకు లేవని, ఎవరు సేకరించాలని, ఎప్పటిలోగా సేకరిస్తారని అడిగేవారు. మంత్రి ఏదో ఒకటి చెప్పవలసి వచ్చేది. ఆ రోజు అడిగే వీలే లేకపోయింది. ప్రశ్న అడగవచ్చు, జవాబుపై మళ్లీ అడగరాదు అన్న 1892 నాటి స్థితికి ఆ సమావేశాలు మనల్ని తీసుకువెళ్లాయి.

మహమ్మారి పోయింది, ఆ గంట తిరిగి వచ్చింది. ఇప్పుడు దాన్ని పోగొడుతున్నది గందరగోళం. ఇక్కడ చాలామంది గమనించని ఒక నిబంధన ఉంది. ప్రశ్నోత్తరాల సమయంలో సభ వాయిదా పడితే, మౌఖికంగా రావలసిన జవాబులన్నీ లిఖితపూర్వక సమాధానాలుగా మారి సభ ముందు ఉంచినట్టే లెక్క. ప్రభుత్వం జవాబు చెప్పినట్టే అవుతుంది, అనుబంధ ప్రశ్న బాధ మాత్రం ఉండదు. ఆ పూట మంత్రికి కలిగిన నష్టం ఏమీ లేదు. నష్టపోయినది ప్రశ్న వేసిన సభ్యుడు, అతడు ప్రతిపక్షం వాడైనా సరే. మధ్యాహ్నం తర్వాత అదే గందరగోళంలో బిల్లులు మూజువాణి ఓటుతో ఆమోదం పొందుతాయి. అందువల్ల గందరగోళం ప్రభుత్వ కార్యక్రమాన్ని ఆపలేకపోతోంది, ప్రభుత్వాన్ని అడిగే కార్యక్రమాన్ని మాత్రం ఆపగలుగుతోంది.

తెలుగువారికి దీనికి దగ్గరి ఉదాహరణ 2018 మార్చి. ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా కోరుతూ తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ సభ్యులు, రిజర్వేషన్ల అంశంపై తెలంగాణ రాష్ట్ర సమితి సభ్యులు, కావేరీ జలాలపై అన్నాడీఎంకే సభ్యులు స్పీకర్ స్థానం ముందున్న వెల్‌లో నిలబడి ఉండగా సభ రోజుల తరబడి వాయిదా పడింది. అవిశ్వాస తీర్మానం నోటీసులు, సభ సజావుగా లేదన్న కారణంతో చర్చకు రాలేదు. జూలై 20న గానీ ఆ తీర్మానం ఓటింగ్ దాకా వెళ్లలేదు. మరోపక్క మార్చి 14న ఆర్థిక బిల్లూ, అన్ని శాఖల పద్దులూ, ద్రవ్య వినిమయ బిల్లూ అదే గందరగోళం మధ్య, చర్చ లేకుండా, అర్ధగంటకు అటూ ఇటూగా లోక్‌సభ ఆమోదం పొందాయి. నినాదాలు చేసినవారి ఆవేదనను నేను తక్కువ చేయడం లేదు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఐదేళ్ల ప్రత్యేక హోదా గురించి చెప్పిన మాట ఆ ఆవేదనకు మూలం. రాష్ట్ర విభజన చట్టంలో లేని ఆ మాట సభలో పలికినది కావడం వల్లనే అన్నేళ్ల రాజకీయానికి ఆధారమైంది. మంత్రుల నోట సభలో వచ్చిన మాటకు అంత బలం ఉన్నప్పుడు, మరో మాట రాబట్టగల గంటను ఆ వారాల్లో మనమే వదులుకున్నాం.

సభలో పలికిన మాటను వెంటాడే యంత్రాంగం కూడా పార్లమెంటుకు ఉంది. లోక్‌సభలో 1953 నుంచి ప్రభుత్వ హామీల కమిటీ పనిచేస్తోంది. "పరిశీలిస్తాం", "వివరాలు సేకరించి సభ ముందు ఉంచుతాం" వంటి మాటలను హామీలుగా నమోదు చేసి, మూడు నెలల్లోగా నెరవేర్చాలని శాఖలను అడుగుతుంది. ఆ గడువు తరచూ పొడిగింపులకు లోనవుతుందన్నది వేరే విషయం. అయినా, ఏళ్ల తర్వాత కూడా ఒక హామీ కమిటీ జాబితాలో పెండింగ్‌గా కనిపిస్తూ ఉండటం శాఖకు ఇబ్బందే. ఇలాంటి హామీలు లిఖితపూర్వక జవాబుల నుంచీ పుడతాయి గానీ, ముందుగా అనుకోని హామీలు ఎక్కువగా అనుబంధ ప్రశ్నకు బదులు చెబుతూ మంత్రి నోట జారినవే.

లిఖితపూర్వక సమాధానానికి విలువ లేదని అనడం లేదు. 2021 మార్చి 8న విశాఖ ఉక్కులో వంద శాతం వాటాల విక్రయాన్ని ధ్రువీకరిస్తూ ఆర్థిక మంత్రి లోక్‌సభలో ఇచ్చిన జవాబు వినగానే ఆ రాత్రే కార్మికులు కూర్మన్నపాలెంలో రోడ్డెక్కారు. ఒక పేరా జవాబు ఒక నగరాన్ని కదిలించింది. అయితే ఆ పేరాపై సభలోనే మంత్రిని నిలదీసే అవకాశం ఉంటే, రోడ్డు మీద అడిగిన ప్రశ్నల్లో కొన్నిటికైనా రికార్డులో జవాబు ఉండేది.

ప్రతిపక్షాల వైపు వాదన ఒకటుంది, దాన్ని తోసిపుచ్చలేం. ముఖ్యమైన విషయంపై మిగతా కార్యక్రమం పక్కన పెట్టి చర్చించాలని నోటీసులిస్తే అంగీకరించేవారు లేరన్నది వారి ఫిర్యాదు. రాజ్యసభలో అలాంటి నోటీసులకు వీలిచ్చే 267వ నిబంధన కింద 2016 నవంబరులో పెద్ద నోట్ల రద్దుపై చర్చ జరిగాక, ఏళ్ల తరబడి నోటీసులు వరుసగా తిరస్కరణకు గురయ్యాయి. సభను స్తంభింపజేయడమూ ఒక ప్రజాస్వామిక మార్గమేనని యూపీఏ హయాంలో విపక్ష నేతలుగా సుష్మా స్వరాజ్, అరుణ్ జైట్లీ వాదించారు. 2జీ స్పెక్ట్రమ్ కేటాయింపుల వ్యవహారంలో 2010 శీతాకాల సమావేశాలు దాదాపు పూర్తిగా కొట్టుకుపోయాక, విపక్షం కోరిన సంయుక్త పార్లమెంటరీ సంఘం 2011లో ఏర్పడింది. అంటే పట్టుదలకు ఫలితం వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. కానీ ఆ ఒత్తిడిని మధ్యాహ్నం తర్వాత ప్రభుత్వ బిల్లుల సమయంలో చూపకుండా, తమకు దక్కిన ఒకే ఒక్క గంటలో చూపడం ఎందుకన్న ప్రశ్నకు ఏ పార్టీ నుంచీ నాకు సరైన జవాబు దొరకలేదు. ఉదయం 11 గంటలకు కెమెరాలన్నీ సభ మీద ఉంటాయన్నదే కారణమైతే అది చాలా ఖరీదైన కారణం. రాజ్యసభ ఈ బెడద తప్పించుకోవడానికే 2014 నవంబరులో ప్రశ్నోత్తరాల సమయాన్ని 11 నుంచి మధ్యాహ్నం 12కి మార్చింది. గొడవ కూడా గంట ఆలస్యంగా అక్కడికే చేరింది.

ప్రభుత్వం, సభాధ్యక్షుల బాధ్యత ఇంకా పెద్దది. 2023 డిసెంబరులో రెండు సభల్లో కలిపి 146 మంది సభ్యులను సస్పెండ్ చేసినప్పుడు, వారు అంతకు ముందే వేసి ఉన్న ప్రశ్నలను కూడా జాబితా నుంచి తొలగించారు. ఒక సభ్యుడి ప్రవర్తన తప్పైతే అతడిని బయట ఉంచడం అర్థం చేసుకోవచ్చు. కానీ ప్రశ్న అతడిని ఎన్నుకున్న లక్షల మందిది, ఆ శిక్ష వారికెందుకు పడాలి?

సభ నడిపించాలన్న సంకల్పం ఉంటే ఏం జరుగుతుందో 2019 నవంబరు 27న చూశాం. స్పీకర్ ఓం బిర్లా ప్రశ్నలనూ జవాబులనూ కుదించి నడపగా, జాబితాలోని 20 నక్షత్ర ప్రశ్నలూ ఒక్క గంటలోనే పూర్తయ్యాయి. 1972 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. మామూలు రోజున ఐదారు ప్రశ్నలు దాటితే గొప్ప.

నిబంధనల్లో ఒక మార్పు చేయాలి. వాయిదా వల్ల పోయిన ప్రశ్నోత్తరాల గంటను అదే రోజు సాయంత్రం ప్రభుత్వ కార్యక్రమం ముగిశాక నడపాలి, అప్పటివరకు నక్షత్ర ప్రశ్నలను లిఖితపూర్వక జవాబులుగా మార్చకూడదు. అప్పుడు గందరగోళం వల్ల మంత్రికి లభించే వెసులుబాటు పోతుంది, గందరగోళం చేసినవారికి తాము పోగొట్టుకున్నది తిరిగి దక్కుతుంది. సభ్యులు అలసిపోతారన్న అభ్యంతరం నిలవదు. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు కోసం లోక్‌సభ అర్ధరాత్రి దాటి దాదాపు రెండు గంటల వరకు కూర్చుంది, మరునాటి రాత్రి రాజ్యసభా అలాగే కూర్చుంది. అలా కూర్చోగల సభకు సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు ఉండటం కష్టమేమీ కాదు. ఆ వేళకు జవాబులు అచ్చయి ఉంటాయి, అధికారుల నోట్లు మంత్రుల చేతుల్లో ఉంటాయి, లాటరీలో గెలిచిన సభ్యుడి పేరు ఇంకా జాబితాలోనే ఉంటుంది. స్పీకర్ ఆ పేరు పిలవడమే మిగిలి ఉంటుంది.