మరమ్మతుకు అందని ప్రతిభ మనకెందుకు?

చీమకుర్తిలో నాకు తెలిసిన క్వారీ యజమాని ఒకాయన కోటి రూపాయలు పోసి విదేశీ ఆఫ్‌రోడ్ వాహనం కొన్నారు. రెండో వేసవిలో ఒక ఉదయం చూస్తే, బండి ముందు ఎడమ చక్రం మీదికి కూలబడి ఉంది. గ్రానైటు దిమ్మెలు మోసే లారీలకు కమాను కట్టలు మార్చే స్థానిక మెకానిక్కులు దాని మీద చెయ్యి వేయలేకపోయారు. వ్యాను మీదికెక్కించి దాదాపు 300 కిలోమీటర్ల దూరంలోని చెన్నైకి పంపారు. తిరిగి రావడానికి నలభై రోజులు పట్టింది. అన్ని రోజులూ ఆయన పాత జీపులోనే క్వారీకి వెళ్లారు.

కూలబడింది ఎయిర్ సస్పెన్షన్. ఉక్కు స్ప్రింగు స్థానంలో గాలి నింపిన రబ్బరు తిత్తి, దానికి కంప్రెసర్, ఎత్తు కొలిచే సెన్సర్లు. 1992లోనే రేంజ్ రోవర్‌లోకి వచ్చిన ఏర్పాటు ఇది. గొప్పదే, కాదనను. కానీ రబ్బరుకు సన్నని పగులు వస్తే చాలు, తగ్గిన గాలిని నింపడానికి కంప్రెసర్ విరామం లేకుండా తిరిగి తిరిగి కాలిపోతుంది. చిన్న లోపం పెద్ద ఖర్చును వెంటబెట్టుకొస్తుంది. ఇక్కడ దానికి రాతి దుమ్ము తోడు. ముత్తుకూరు, ఇందుకూరుపేట రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండికైతే ఉప్పు గాలి తోడు. వైర్ల కనెక్టర్లకు చిలుము పట్టడానికి అంతకన్నా ఏం కావాలి?

సాహసించకపోతే కొత్తది రాదంటారు. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న ల్యాండ్ రోవర్ డిఫెండర్ 900 మిల్లీమీటర్ల లోతు నీటిలో దిగగలదు, టయోటా ల్యాండ్ క్రూజర్ 300కు ఆ పరిమితి 700 మాత్రమే. నిజమే. అయితే 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు పక్కనున్న పడుగుపాడు దగ్గర రైలు కట్టనే కోసేసింది. అంతటి ఉరవడిలో ఆ 200 మిల్లీమీటర్ల తేడా ఎవరిని ఒడ్డుకు చేరుస్తుంది?

2021లో వచ్చిన అదే ల్యాండ్ క్రూజర్‌లో ఎయిర్ సస్పెన్షన్ లేదు. ఉక్కు స్ప్రింగులే ఉంచారు. అది చేతకానితనం కాదు. ఏది పెట్టాలో తెలిసినవాడు ఇంజనీరు, ఏది పెట్టకూడదో కూడా తెలిసినవాడు ఇంకా పెద్ద ఇంజనీరు. పదిహేనేళ్ల తర్వాత పొదిలి లాంటి చిన్న ఊరి షెడ్డులో కూడా విప్పి బిగించగలిగేలా ఒక యంత్రాన్ని రూపొందించడం, ప్రదర్శనలో చప్పట్లు కొట్టించుకోవడం కన్నా ఎన్నో రెట్లు కష్టం.

నా అసలు బాధ కార్ల గురించి కాదు. కొనడం, కట్టడం మాత్రమే ఘనకార్యమనీ, కాపాడుకోవడం కింది ఉద్యోగి పని అనీ మనం నమ్ముతున్నాం. ప్రకాశం జిల్లాలోని గుండ్లకమ్మ ప్రాజెక్టును 2008లో జాతికి అంకితం చేశారు. 2022 ఆగస్టు చివరి రోజున ఒక గేటు కొట్టుకుపోయి, రైతులు నమ్ముకున్న నీరు సముద్రం పాలైంది. అప్పుడైనా కళ్లు తెరిచామా? 2023 డిసెంబరులో మరో గేటు పోయింది. పద్నాలుగేళ్లకే ఉక్కు గేటు ఊడిందంటే తప్పు వానది కాదు. రంగుకు, గ్రీజుకు, రబ్బరు సీళ్లకు ఏటా పెట్టాల్సిన డబ్బును ఖర్చుగా కూడా లెక్కించని మన బడ్జెట్ అలవాటుది.

వచ్చే వానాకాలంలోగా నెల్లూరు జిల్లాలోని సోమశిల జలాశయం నుంచి గుండ్లకమ్మ వరకు ప్రతి గేటు పక్కనా జలవనరుల శాఖ ఒక బోర్డు పెట్టాలి. చివరిసారి రంగు ఎప్పుడు వేశారో, సీలు ఎప్పుడు మార్చారో, దానికి బాధ్యుడైన ఇంజనీరు ఎవరో ఆయకట్టు రైతు చదువుకునేలా అందులో రాయాలి.