ఆ 42 గంటలు ఎవరిస్తారు?

బుడమేరు వాగు విజయవాడలోని సింగ్‌నగర్‌నూ పాయకాపురాన్నీ ముంచెత్తిన 2024 సెప్టెంబరు తర్వాత ఇంటికింత, బండికింత, దుకాణానికింత అని పరిహారం లెక్కగట్టారు. చీకట్లో పెరుగుతున్న నీటిని చూస్తూ, పిల్లల్ని భుజాన వేసుకుని మేడమెట్లు ఎక్కినవారి మనసుకు తగిలిన దెబ్బను ఏ పద్దు కింద రాయాలో మాత్రం ఎవరికీ తోచలేదు. చాలామంది కొన్ని వారాల్లో తమంతట తామే కోలుకుంటారు. కొందరికి అలా జరగదు. వాన హోరు వినబడితే నిద్రపట్టదు, అదే దృశ్యం కలలో తిరిగి వస్తుంది, ఆ వీధి మాట ఎత్తితేనే కోపమో మౌనమో ముంచుకొస్తుంది. జడుసుకున్నాడని తాయెత్తు కట్టించి సరిపెట్టుకోవడం మన ఇళ్లలో అలవాటు. ఘోర అనుభవం తర్వాత మిగిలే ఈ మానసిక ఆఘాత వ్యాధినే వైద్యులు పీటీఎస్‌డీ అంటారు. వరదకే కాదు, జాతీయ రహదారి మీది ప్రమాదానికీ, నాలుగు గోడల మధ్య సాగే హింసకూ ఇది వర్తిస్తుంది.

ఈ వ్యాధికి ఎండీఎంఏ అనే పదార్థంతో చికిత్స చేయవచ్చన్న వార్తలు కొన్నేళ్లుగా వస్తున్నాయి. మన పాఠకులకు ఆ పేరు పోలీసులు పట్టుకున్న మత్తుమందు పొట్లాల వార్తల్లోనే పరిచయం. ఆ వార్తలు మేమూ అచ్చువేస్తూనే ఉన్నాం. జర్మనీకి చెందిన మెర్క్ కంపెనీ 1912లోనే తయారుచేసిన ఈ పదార్థం మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని ఒక్కసారిగా విడుదల చేసి, భయం తీవ్రతను కొంతసేపు తగ్గిస్తుందనీ, తలచుకోవడానికే వణికే సంఘటన గురించి రోగి ఆ వ్యవధిలో నోరు విప్పగలుగుతాడనీ పరిశోధకులు భావిస్తున్నారు. అమెరికా తదితర దేశాల్లో 90 మందిపై జరిపి 2021లో ప్రచురించిన మూడో దశ ప్రయోగంలో, మందు తీసుకున్నవారిలో 67 శాతం మంది చికిత్స ముగిసేసరికి వ్యాధి నిర్ధారణ పరిధి నుంచి బయటపడ్డారు. 2023లో ప్రచురితమైన రెండో ప్రయోగంలో అది 71 శాతం.

ఈ అంకెలు చూసి ఆస్ట్రేలియా 2023 జులై 1 నుంచి అనుమతి పొందిన మానసిక వైద్యులకు ఈ మందు రాసే అధికారమిచ్చింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మాత్రం 2024 ఆగస్టులో తిరస్కరించి, మరొక మూడో దశ ప్రయోగం చేసి రమ్మంది. తాను మింగింది అసలు మందో, పోలిక కోసం కొందరికిచ్చే ఉత్తుత్తి మాత్రో అధికశాతం రోగులు ఇట్టే పసిగట్టగలిగినప్పుడు ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలన్నది ఆ సంస్థ సలహా సంఘం లేవనెత్తిన ప్రశ్నల్లో ఒకటి. అంతకు ముందరి దశ ప్రయోగాల్లో చికిత్సకులే రోగితో అనుచితంగా ప్రవర్తించిన ఉదంతమూ బయటపడింది. మందు ప్రభావంలో నిస్సహాయంగా పడుకున్న మనిషి విషయంలో ఇది చిన్న లోపం కాదు. ఆ తిరస్కరణ సబబేనని మేము భావిస్తున్నాం.

అయితే ఆ ప్రయోగాల్లో మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసిన అంకె వేరే ఉంది. రెండో ప్రయోగంలో ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలోనూ దాదాపు 48 శాతం మంది వ్యాధి నిర్ధారణ పరిధి దాటి బయటపడ్డారు. వారికి అందిందల్లా మాటే. ఒక్కొక్కటి గంటన్నర చొప్పున మూడు సన్నాహక సమావేశాలు, నెలకొకటి చొప్పున ఎనిమిదేసి గంటల మూడు చికిత్స రోజులు, ఒక్కో చికిత్స రోజు తర్వాత మళ్లీ గంటన్నర చొప్పున మూడేసి, మొత్తం తొమ్మిది సమావేశాలు కలిపితే 42 గంటలు, అదీ ఇద్దరు చికిత్సకుల సమక్షంలో. ఆ మేలులో నమ్మకం పాలు ఎంత, కాలం పాలు ఎంత అన్నది విడదీయడం కష్టమే. కానీ ప్రభుత్వాసుపత్రి మానసిక విభాగంలో చీటీ పట్టుకుని నిలబడిన మనిషికి డాక్టరుగారి ముందు దొరికే నిమిషాలతో ఈ 42 గంటలను పోల్చి చూస్తే, మనకు కొరవడింది విదేశీ మాత్ర ఒక్కటే కాదని అర్థమవుతుంది. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ జరిపిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, వ్యాధిని బట్టి 70 నుంచి 92 శాతం మందికి అసలు చికిత్సే అందడం లేదు.

మన దేశంలో ఎండీఎంఏ మాదకద్రవ్యాల నియంత్రణకు తెచ్చిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం పరిధిలో ఉంది. అదే చట్టం వైద్య, శాస్త్రీయ అవసరాలకు మినహాయింపు ఇచ్చింది గనుక, గట్టి నైతిక పర్యవేక్షణతో, ప్రతి సమావేశాన్నీ వీడియో తీసే షరతుతో పెద్ద ప్రభుత్వ సంస్థల్లో పరిశోధనకు తలుపు తెరవడం న్యాయం. దాన్ని సాకుగా తీసుకుని ప్రైవేటు క్లినిక్కులు బోర్డులు కట్టడానికి మాత్రం వీల్లేదు. మత్తు వైద్యులు దశాబ్దాలుగా వాడుతున్న కెటమిన్‌ను ఇప్పటికే కొన్నిచోట్ల కుంగుబాటుకు ఎక్కిస్తున్నారు. రక్తపోటు చూసేవారూ, తర్వాత కూర్చుని మాట్లాడేవారూ లేకుండా సెలైన్ కట్టినట్టు ఎక్కించి పంపేస్తే, అది ఫీజు వసూలు చేయడం తప్ప చికిత్స కాదు.

ఆఘాతాన్ని దశలవారీగా ఎదుర్కొనేలా చేసే మాటల చికిత్సలకు ఏ నిషిద్ధ పదార్థమూ అక్కర్లేదు. అవి పనిచేస్తాయని రుజువైంది కూడా. వాటికి కావలసింది శిక్షణ పొందిన సైకాలజిస్టులు, తలుపు వేసుకునే ఒక గది, వారానికొక గంట. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ సిబ్బంది పలుకుతారు, మంచిదే. కానీ ఆ ఫోన్ పెట్టేశాక సింగ్‌నగర్ ఇల్లాలు ఏ మంగళవారం, ఎన్ని గంటలకు, ఎవరి ఎదుట కూర్చోవాలి? విజయవాడ, గుంటూరు బోధనాసుపత్రుల్లో అందుకు పోస్టులు మంజూరు చేసి, వచ్చే వానాకాలానికి ముందే భర్తీ చేయాలని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాం.