భ్రమలో బతికే పాత్ర అబద్ధపు పాత్రేనా?

రవీంద్రభారతిలో ఒక సాంఘిక నాటకం చూసి వచ్చినవారెవరో రాసిన నాలుగు ముక్కలు నెల రోజులుగా ఫోన్లలో తిరుగుతున్నాయి. నాకే ఐదుగురు పంపారు. సారాంశం ఇది: నేటి కుటుంబ నాటకాల్లో తండ్రులందరూ పగటికలలు కనేవాళ్లే, అలాంటివాళ్లు లోకంలో ఉండరు కాబట్టి అది వాస్తవికత కాదు. నిజం చెప్పి కళ్లు తెరిపించేదే మంచి నాటకం. రంగస్థలం మీద ఇల్లు అచ్చం ఇల్లులా ఉండాలి. ఈ భ్రమల గోల పడమటి సరుకు, మనకు గిరీశం చాలు.

చివరిది ముందు తేల్చేద్దాం. 1892లో విజయనగరంలో రంగస్థలమెక్కిన గిరీశం కోతలరాయుడే, కాదనను. కానీ తను కోస్తున్నవి కోతలని అతనికి తెలుసు. భ్రమపడేవాడు ముందుగా మోసం చేసుకునేది తననే. ఇద్దరినీ ఒకే గాటన ఎలా కడతారు?

ఇక ఇల్లు ఇల్లులా ఉండాలన్న మాట. 1949లో న్యూయార్క్‌లో అమెరికన్ నాటకకర్త ఆర్థర్ మిల్లర్ రాసిన ‘డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్’ ఆడినప్పుడు అందులోని ఇంటికి నిండైన గోడలే లేవు. కథ వర్తమానంలో ఉంటే పాత్రలు తలుపులోంచి వస్తాయి, గతంలోకి జారితే గోడ ఉండాల్సిన చోటు దాటుకుని నడిచి వచ్చేస్తాయి. ఆ నాటకంలోని సేల్స్‌మన్, 63 ఏళ్ల విల్లీ లోమన్ మనసు పనిచేసే తీరు అది. నిజమైన సోఫా, నిజమైన ఫ్రిజ్ మోసుకొచ్చి, వాటి మధ్య పాత్రల చేత ఉపన్యాసాలు చెప్పించిన పోటీ నాటకాలు నేను లెక్కలేనన్ని చూశాను. ఫ్రిజ్ ఒక్కటే సహజంగా నటించేది.

నిజం చెబితే కళ్లు తెరుచుకుంటాయట! నార్వే నాటకకర్త ఇబ్సెన్ 1884లోనే ‘ది వైల్డ్ డక్’ నాటకంలో ఈ నమ్మకానికి పరీక్ష పెట్టాడు. స్నేహితుడి సంసారాన్ని సత్యం మీద నిలబెడతానని గ్రెగర్స్ బయలుదేరతాడు. నిజం విన్న స్నేహితుడు గొప్పవాడేమీ కాలేదు, తన బాధను తానే చూసి మురిసిపోయాడు. ప్రాణం పోయింది మాత్రం ఆ ఇంట్లోని 14 ఏళ్ల పిల్లది.

అలాంటివాళ్లు ఉండరన్న మాటే నన్ను ఇంత దూరం రాయించింది. విల్లీకి జీతం ఆగిపోతుంది. పొరుగింటి చార్లీ దగ్గర వారం వారం 50 డాలర్లు చేబదులు తెచ్చి, జీతమని భార్య లిండా చేతిలో పెడతాడు. ఆమెకు తెలుసు. తెలిసే తీసుకుంటుంది. భ్రమ విల్లీ ఒక్కడిదే అనుకుంటే నాటకం సగమే చూసినట్టు. దానికి రోజూ నీళ్లు పోసేది ఇల్లంతా.

మా పెదనాన్నకు ఒక ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం పోయింది. ఇంట్లో చెప్పలేదు. నాలుగు నెలల పాటు ఇస్త్రీ చొక్కా వేసుకుని, క్యారియర్ పట్టుకుని ఎప్పటి వేళకే బయలుదేరి, బాగ్‌లింగంపల్లి సుందరయ్య పార్కులో కూర్చునేవారు. రెండో వారానికే ఎవరో వచ్చి పెద్దమ్మకు చెప్పారు. ఆమె నోరు మెదపలేదు. మర్నాడు క్యారియర్‌లో ఇంకో గిన్నె చేర్చి పెరుగన్నం పెట్టింది, ఎండలో కూర్చుంటారని. సాయంత్రం ఆయన గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే రోజూ అడిగే మాటే అడిగింది.

“బస్సులో సీటు దొరికిందాండీ?”

“ఈ రోజు దొరికింది,” అన్నారాయన.