ఖాళీగానే ఉన్నారు కదా, మేడమ్!

ఈ ఉదయం తొమ్మిది గంటల వేళ నేను మా వరండాలో అమ్మ వాడిన పీట మీద కూర్చుని, రెండు గోంగూర కట్టలు విప్పి ఆకు ఒలుచుకుంటూ ఉండగా, మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అధ్యక్షుల వారు గుమ్మం ముందు నిలబడి, కార్తీక వనభోజనాలకు నలభై రెండు ఫ్లాట్ల నుంచి చందాలు వసూలు చేసి, వంటవాళ్లతో బేరమాడి, బస్సు మాట్లాడి, లెక్కలు రాసే బాధ్యతను నాకు అప్పగించాలని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించిందని తెలియజేశారు. అడగలేదు, తెలియజేశారు. నేను నోరు తెరిచేలోగానే "మీరు ఇప్పుడు ఖాళీగానే ఉన్నారు కదా, మేడమ్" అని కారణం కూడా సెలవిచ్చి లిఫ్టు ఎక్కి వెళ్లిపోయారు. ఆ కోపంలో మిగిలిన గోంగూరను కాడలతో సహా తుంచి గిన్నెలో పడేశాను. ఈ పూట పచ్చడిలో నార తగిలితే ఆ పాపం కమిటీదే.

బెజవాడలో ఇల్లు ఖాళీ అయితే గేటుకు బోర్డు కడతారు. మనిషి ఖాళీ అయితే ఆ బోర్డు కూడా అక్కరలేదు, ఎలా తెలుస్తుందో గానీ వారం తిరగకముందే జనం వచ్చి వాలిపోతారు. నేను ఉద్యోగం మానిన నాటి నుంచి మా ఆడపడుచు గారి అబ్బాయికి కెమిస్ట్రీ చెప్పడం, ఎదురింటి వారి కొరియర్లు తీసుకోవడం, పై అంతస్తు వారి గ్యాస్ సిలిండరు వచ్చే వేళకు తలుపు తీసి ఉంచడం, ఇవన్నీ "ఎలాగూ ఖాళీయే కదా" అనే ఒక్క మాటతో నా ఖాతాలో పడ్డాయి. మా పక్క ఫ్లాటులో ఉద్యోగ విరమణ చేసిన ఇంజనీరు గారు ఉన్నారు. ఆయన పగలంతా టీవీ ముందు కూర్చుని చర్చా కార్యక్రమాలతో వాదించుకుంటారు. ఆయనను ఎవరూ ఖాళీ అనరు, "విశ్రాంత జీవితం గడుపుతున్నారు" అంటారు. విశ్రాంతికి పురుషుడై ఉండాలి, పెన్షన్ రావాలి, అరవై ఏళ్లు దాటి ఉండాలి కాబోలు. నలభై ఏడేళ్ల ఆడమనిషి వరండాలో కూర్చుంటే అది ఖాళీయే.

నన్ను చాలాకాలంగా చదువుతున్న వారికి నా సంగతి తెలుసు కనుక క్లుప్తంగా చెబుతాను. ఈ నగరంలోని ఒక రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలో పంతొమ్మిది సంవత్సరాలు రసాయనశాస్త్రం బోధించాను. ఉదయం 5.45కు స్టడీ అవర్, రాత్రి తొమ్మిదికి డౌట్స్ క్లాసు, ఆదివారం వారాంతపు పరీక్ష, సోమవారం తెల్లవారేసరికి మార్కుల పట్టిక, వేసవిలో అడ్మిషన్ల టార్గెట్. ఏడు నిమిషాల్లో అన్నం తినడం అక్కడే నేర్చుకున్నాను. ఇప్పటికీ నాలుగూ నలభైకి అలారం లేకుండానే మెలకువ వస్తుంది, మోగని గంట ఒకటి చెవిలో మోగుతుంది.

మొన్న జనవరిలో, సంక్రాంతి వెళ్లిన ఆరో రోజున, గుంటూరు బ్రాడీపేటలోని ఇంట్లో అమ్మ నిద్రలోనే వెళ్లిపోయింది. మరి రెండు రోజుల్లో జేఈఈ మెయిన్ పరీక్షలు మొదలు. సెలవు కోసం ఫోన్ చేసినప్పుడు కళాశాల పెద్ద ఒకాయన సానుభూతి తెలిపి, ఆ వెంటనే ఎంతో సౌమ్యంగా "పెళ్లయిన కూతురికి మూడు రోజులే కదా మేడమ్ మైల, నాలుగో రోజుకు వచ్చేస్తారుగా" అన్నారు. పంతొమ్మిదేళ్లలో ఏనాడూ పండుగ సెలవు విషయంలో గుర్తుకు రాని ధర్మశాస్త్రం ఆ ఒక్క పూట ఆయన నాలుక మీద నాట్యం చేసింది. శాస్త్రం మూడు రోజులే చెప్పిన మాట నిజమే. ఆ మూడు రోజులూ అంటు గురించి, దుఃఖం గురించి కాదు. దుఃఖానికి గోత్రం మారుతుందని ఏ పురోహితుడూ నాకు చెప్పలేదు. ఆ సంగతి తెలిసిన మొదటి మనిషి మా కళాశాల పెద్దాయనే.

నాలుగో రోజున సీతానగరం రేవులో అన్నయ్య అస్థికలు నీళ్లలో వదులుతున్నాడు. నేను రెండు మెట్లు దిగి, చీర కుచ్చెళ్లు తడుస్తూ ఉండగా నిలబడ్డాను. ఫోన్ మోగింది. గ్రాండ్ టెస్టు కీలో ఒక ప్రశ్నకు రెండు సమాధానాలు వస్తున్నాయని, పిల్లలు గొడవ చేస్తున్నారని, ఏది సరైనదో చెప్పమని అడిగారు. నేను చెప్పాను. కృష్ణలో పాదాలు పెట్టుకుని, అమ్మ ఎముకలు నా కళ్ల ముందు మునుగుతూ ఉండగా, "మూడో ఆప్షన్" అని స్పష్టంగా, క్లాసులో పలికే గొంతుతో చెప్పాను. ఫోన్ చేసిన కుర్రవాణ్ని ఎప్పుడో క్షమించాను, అతని మీదా ఎవరో అరుస్తూనే ఉండి ఉంటారు. ఆ గొంతుతో సమాధానం చెప్పిన మనిషి ఎవరో మాత్రం నాకు ఇప్పటికీ బోధపడలేదు. పది నెలలుగా నేను చేస్తున్నదంతా ఆవిడ ఎవరో కనుక్కోవడమే, అధ్యక్షుల వారూ. మీ వనభోజనాల లెక్కలకు తీరిక లేనిది అందుకే.

ఫిబ్రవరిలో ఒకనాడు లె షాటెలియర్ సూత్రం చెబుతున్నాను. సమతాస్థితిలో ఉన్న వ్యవస్థ మీద ఒత్తిడి తెస్తే, ఆ ఒత్తిడిని తగ్గించే దిశకు ఆ వ్యవస్థ జరుగుతుంది. వందల సార్లు చెప్పిన వాక్యమది. సగంలో ఆగిపోయింది. నూట ఇరవై మంది పిల్లలు పెన్నులు పట్టుకుని చూస్తున్నారు, నాకు తరువాతి మాట రాలేదు, రాలేదన్న బాధ కూడా కలగలేదు. మన పెద్దలు ఉసూరుమనడం అనే దీనికి, 1974లో న్యూయార్కులోని ఒక ఉచిత వైద్యశాలలో సేవచేసే వారిని గమనించిన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త బర్నవుట్ అని పేరు పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనికి మూడు లక్షణాలు చెప్పింది: శక్తి అడుగంటడం, పని మీద మనసు విరిగి దూరం కావడం, చేసేది ఏదీ ఫలించడం లేదనిపించడం. అంతకంటే ముఖ్యంగా, ఇది వ్యాధి కాదని, పనిచేసే చోట అదుపు లేకుండా సాగిన ఒత్తిడి ఫలితమని కూడా ఆ సంస్థే రాసింది. ఆ వాక్యాన్ని పెద్దక్షరాలతో అచ్చువేయించి మా స్టాఫ్ రూములో అతికించి రావాలనిపించింది గానీ, అక్కడ ర్యాంకర్ల ఫొటోలు పోగా గోడ మిగల్లేదు.

మార్చిలో ఇంటర్మీడియెట్ పరీక్షలు ముగిసేదాకా ఆగి, పిల్లలను గట్టెక్కించి, రాజీనామా ఇచ్చాను. ఒత్తిడి పెడితే జరిగాను, అంతే. సూత్రం ప్రకారమే జరిగాను.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. వారానికి 70 గంటలు పనిచేయాలని ఇన్ఫోసిస్ నారాయణ మూర్తి గారు 2023లో యువతకు బోధించారు. అది చాలక, 2025 జనవరిలో ఎల్ అండ్ టీ అధిపతి గారు 90 గంటలన్నారు, ఆదివారం ఇంట్లో కూర్చుని భార్యను ఎంతసేపు చూస్తారని కూడా ఆశ్చర్యపోయారు. ఆ మాట ఊరంతా తిరుగుతున్న రోజుల్లోనే మా అమ్మ పోయింది. నేను పంతొమ్మిదేళ్లలో 70 గంటలకు తగ్గిన వారం ఎరుగను. ఆదివారాలు ఇంట్లో కూర్చుని అమ్మ ముఖం కాస్త ఎక్కువసేపు చూసి ఉంటే దేశాభివృద్ధి ఏ మేరకు కుంటుపడేదో ఆ మహనీయులే లెక్కగట్టి చెప్పాలి. బిడ్డ పుడితే తల్లికి 26 వారాల సెలవు ఇవ్వాలని 2017లో చట్టాన్ని సవరించుకున్న దేశంలో, అయినవాళ్లు పోతే ఒక్క రోజు సెలవు ఇవ్వాలని చెప్పే కేంద్ర చట్టం లేదు.

మన ఆచారంలో ఏటి సూతకమని ఒకటి ఉంది. సంవత్సరీకం అయ్యేదాకా పండుగలు చేయకూడదని, శుభకార్యాలకు వెళ్లకూడదని, నెల నెలా మాసికం పెట్టాలని పెద్దలు చెప్పారు. చిన్నప్పుడు అది శిక్ష అనుకునేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే అది ఊరంతా కలిసి ఇచ్చిన సెలవులా కనిపిస్తోంది. ఈ మనిషిని ఏడాదిపాటు ఉత్సాహంగా ఉండమని అడగకండి, పెళ్లిళ్లలో నవ్వమనకండి, నెలకొకసారి కూర్చుని పోయినవారిని తలచుకోనివ్వండి అని. అమెరికా మనోవైద్యుల సంఘం కూడా 2022లో సవరించిన తన వర్గీకరణలో, పెద్దవాళ్ల విషయంలో కనీసం పన్నెండు నెలలు గడవనిదే దుఃఖాన్ని రుగ్మతగా లెక్కించకూడదని రాసుకుంది. మనవాళ్లు ఆ సెలవును తీసేసి నిషేధాలను మాత్రం భద్రంగా దాచుకున్నారు. రెండు వారాల సెలవు మీద డాలస్ నుంచి వచ్చిన అన్నయ్య మాసికాలన్నీ పన్నెండో రోజునే కలిపి పెట్టేసి విమానం ఎక్కాడు. అతన్నీ అనలేను, అతనికీ ఒక మేనేజరు ఉన్నాడు. ఏడాది దుఃఖాన్ని ఒక మధ్యాహ్నంలో క్రాష్ కోర్సు చేయించడం చూసి, మా కళాశాల వారు ఆ పద్ధతిని ఇంకా పేటెంటు చేయించుకోలేదేమని మాత్రం అనుకున్నాను.

ఖాళీగా ఉండి ఏం చేస్తున్నానని అడిగే వారికి చెబుతున్నాను. తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ మీద నడుస్తాను. దానికి 70 గేట్లు ఉన్నాయి, ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ సీతానగరం వైపు వెళతాను. ఏప్రిల్‌లో ముప్పయ్యో గేటు కూడా రాకముందే లెక్క తప్పిపోయేది, మనసు ఏదో మార్కుల పట్టికలోకి జారిపోయేది. ఇప్పుడు చాలా రోజులు డెబ్బయ్యోది దాకా వెళుతున్నాను. ఆ మెట్ల దగ్గర కాసేపు కూర్చుని వెనక్కి వస్తాను. మొదట్లో గవర్నరుపేటలో ఒక టిఫిన్ సెంటరులో కుర్రవాడు "ఏం కావాలి మేడమ్?" అని అడిగితే జవాబు చెప్పలేక నిలబడిపోయాను. మెస్సులో పెట్టింది తిన్న నాలుకకు తన ఇష్టమేమిటో గుర్తు లేదు. దానిని గుర్తుకు తెచ్చుకోవడానికి నాకు జూన్ దాకా పట్టింది. పెసరట్టు, అల్లం పచ్చడితో, ఉప్మా లేకుండా. చిన్న విషయమని మీకనిపించవచ్చు.

ఒకప్పటి సహోద్యోగిని, మనసు మంచిదే పాపం, "మిమ్మల్ని మీరు కలుసుకోండి" అనే మూడు రోజుల శిబిరం ప్రకటన పంపింది. ఉదయం ఐదుకు లేవడం, ఐదున్నరకు మౌనం, ఆరుకు యోగం, ఏడుకు కృతజ్ఞతా పత్రం రాయడం, ఆలస్యమైతే లోపలికి అనుమతి లేదు. మా కళాశాల టైమ్‌టేబుల్ కంటే దానిలో ఒక పీరియడు ఎక్కువ ఉంది. నన్ను నేను కలుసుకోవడానికి గంట కొట్టే చోటికి మళ్లీ డబ్బు కట్టి వెళ్లాలా?

అసలు ఈ కోపం ఈ ఉదయానిది కాదని రాస్తుంటే తెలుస్తోంది. 2024 మే నెలలో అమ్మకు కంటి శుక్లాల ఆపరేషన్. నేను పక్కన ఉంటానని మాట ఇచ్చాను. అడ్మిషన్ల టార్గెట్‌లో ఇంకా నలుగురు తక్కువని ఆ రోజు నన్ను నరసరావుపేట చుట్టుపక్కల ఊళ్లకు పంపారు. ఎవరో తండ్రిని మా హాస్టల్ ఎంత గొప్పదో చెప్పి ఒప్పిస్తున్న సమయంలో, అమ్మ ఒక్కతే ఆటోలో వెళ్లి ఆపరేషన్ చేయించుకుని, నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఆటోలోనే తిరిగి వచ్చింది. రాత్రి ఫోన్ చేస్తే "నువ్వు ఖాళీ లేని మనిషివి కదమ్మా, నాకు తెలియదా" అంది. దెప్పలేదు. గర్వంగా అంది. అమ్మ నన్ను ఒక్కసారైనా ఖాళీగా చూడకుండానే పోయింది. నేను ఖాళీగా ఉన్నానని ఇప్పుడు ఊరందరికీ తెలుసు, తెలియవలసిన మనిషికి తప్ప.

వనభోజనాల ఆదివారం నేను గుంటూరు వెళుతున్నానని, అమ్మ ఇంట్లో అటక మీది జాడీలు దించి కడగవలసి ఉందని, వనభోజనాల పని చూసుకోవడానికి నాకు వీలు పడదని అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మర్యాదగా రాశాను. పదకొండు మంది నమస్కారం బొమ్మలు పెట్టారు. ఇప్పుడే అధ్యక్షుల వారి సమాధానం వచ్చింది: "తప్పకుండా వెళ్లి రండి, మేడమ్. సాయంత్రానికి వచ్చేస్తారు కదా, లెక్కలు రాత్రికి చూసుకోవచ్చు."