పాస్‌పోర్టులో ముద్ర, ఊరెళ్లాలంటే భయం

పోలండ్‌లో జీతం పడిందంటే పన్ను, జుస్ (సామాజిక బీమా) కోత ఠంచనుగా పడతాయి. అందులో ఒక్క నెల కూడా ఆలస్యం ఉండదు. మరి ఇక్కడ ఉద్యోగం చేసే మన ఇండియావాళ్లకు ఉండటానికిచ్చే రెసిడెన్స్ కార్డు? పని అనుమతితో కలిపి దరఖాస్తుకే ఫీజు కట్టాలి. కార్డుకు ఇంకో ఫీజు. డబ్బు కట్టించుకున్నాక నెలలకు నెలలు ఉలుకూ పలుకూ ఉండదు. ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎత్తరు. ఎత్తినా పోలిష్‌లో గబగబా ఏదో చెప్పి పెట్టేస్తారు.

ఈలోగా వీసా అయిపోతుంది. దరఖాస్తు అందిందని పాస్‌పోర్టులో ఒక ముద్ర కొడతారు. దాంతో పోలండ్‌లో ఉండొచ్చు, అంతే. పక్కనే ఉన్న జర్మనీకి వెళ్లడానికి లేదు. ఇండియా వెళ్తే, కొత్త వీసా లేకుండా తిరిగి రావడానికి లేదు. రేపు నాన్నకు ఆపరేషన్ అని ఫోనొస్తే ఏం చేయాలి? ఉద్యోగం చూసుకోవాలా, నాన్నను చూసుకోవాలా?

2022లో యుక్రెయిన్ శరణార్థుల కోసం చట్టం తెచ్చాక, విదేశీయుల ఫైళ్లను ఇన్నాళ్లలో తేల్చాలని అధికారులకున్న గడువులను కూడా నిలిపేశారు. యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్లకు చోటివ్వడం గొప్ప విషయం, కాదనను. కానీ మిగతావాళ్లను ఇలా గాలికి వదిలేస్తారా?

ఇక అద్దె ఇళ్లు! అడ్రస్ రిజిస్ట్రేషన్ చేయించుకోమని చట్టం అంటుంది. సంతకం పెట్టనని ఓనర్ అంటాడు. ఆ సంతకం లేకపోతే మేం ఎవరి కాళ్లు పట్టుకోవాలి? కనీసం ఫైలు ఎవరి బల్ల మీద ఉందో ఒక్క మెయిల్ పెట్టండయ్యా!