చిత్తూరు మాయం, పాతది పదిలం

మూఢం వచ్చిందంటే తిరుపతిలో కల్యాణ మండపాలకి తాళాలు పడతాయి, మేళం వాళ్ళు ఊళ్ళకి పోతారు, ఫొటో స్టూడియో వాళ్ళకి మాత్రం అసలు పని అప్పుడే మొదలవుతుంది. సీజన్లో ఊపిరి తిరక్కుండా తీసిన వేలకొద్దీ ఫొటోల్ని ఏరాలి, ఆల్బమ్‌కి పంపాలి, పనికిరానివి తీసేసి కంప్యూటర్లో చోటు చెయ్యాలి. మూఢంలో శుభకార్యాలు చెయ్యకూడదన్నారు గానీ, డిస్కు ఖాళీ చెయ్యకూడదని ఏ పంచాంగంలోనూ రాయలేదు. రాసి ఉంటే బాగుండేది.

లీలామహల్ సర్కిల్ దగ్గర నాకు తెలిసినాయన స్టూడియో ఒకటుంది, పేరు ఎందుకులెండి. పాస్‌పోర్టు సైజు ఫొటోలకని నేను పోయేసరికి ఆయన మేనల్లుడు సిస్టమ్ ముందు కూర్చున్నాడు. బీటెక్ మూడో సంవత్సరం. షాపులో ఉన్న పాత డబ్బా మీద విండోస్ ఈడ్చుకుంటోందని లైనక్స్ ఎక్కించింది వాడే, అప్పటినుంచి దానికి దిక్కూ వాడే. మామకి అల్లుడంటే నమ్మకం ఎక్కువ. నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు వస్తుంటే ఆయన చేతులు కట్టుకుని నిలబడతాడు, హారతి టైములో నిలబడ్డట్టు.

ఆ సిస్టమ్‌లో ఊరి పేరుకో ఫోల్డరు. కాళహస్తి, పుత్తూరు, రేణిగుంట, చిత్తూరు. వీటిల్లో ఏరి, సరిచేసి, ముహూర్తం, తలంబ్రాలు, అప్పగింతలు అని పేర్లు పెట్టిన మంచి ఫొటోలుంటాయి. పనికిరానివాటిని వేరే ఫోల్డర్లో పడేసి చివర 'పాతది' అని తగిలిస్తారు. పెళ్ళికొడుకు ఆవలించినవి, పంతులుగారి మోచెయ్యి అడ్డం వచ్చినవి, కరెంటు పోయినప్పుడు తీసినవి అన్నీ అందులోకే. ఆ రోజు అలాంటిది ఒక్కటే మిగిలి ఉంది, దాని పేరు 'చిత్తూరు పెళ్ళి పాతది'. మూడు మాటలు, మధ్యలో రెండు ఖాళీలు. ఆ ఖాళీల్ని గుర్తు పెట్టుకోండి.

మౌస్‌తో పట్టుకుని డిలీట్ కొడితే అయిపోయే పని. కానీ బీటెక్ చదివేవాడు మౌస్ పట్టుకుంటే మర్యాదగా ఉండదు కదా. 'పాతది' అని ముగిసే పేర్లన్నీ వెతకమని ఫైండ్ అనే కమాండ్‌కి చెప్పాడు, అది ఇచ్చే జాబితాని పైపులోంచి, అంటే ఒక కమాండ్ చెప్పేదాన్ని ఇంకోదానికి అందించే దారిలోంచి, ఎక్స్‌ఆర్గ్స్‌కి పంపాడు, ఎక్స్‌ఆర్గ్స్ పక్కన ఫైళ్ళనీ ఫోల్డర్లనీ తీసేసే ఆర్ఎం మైనస్ ఆర్ఎఫ్‌ని కూర్చోబెట్టాడు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా: ఆర్ఎం లాంటి కమాండ్లు పైపులోంచి వచ్చే పేర్లని పట్టించుకోవు, తమ పక్కన రాసి ఉన్న పేర్లనే చూస్తాయి. పైపులో వచ్చే పేర్లని తీసి కమాండ్ పక్కన పేర్చి, లైను తయారుచేసి నడిపించేది ఎక్స్‌ఆర్గ్స్. ఒక కమాండ్ లైను ఎంత పొడుగుండాలో సిస్టమ్ పెట్టిన పరిమితి ఒకటుంటుంది, పేర్లు అంతకి మించితే విడతలు విడతలుగా కూడా నడుపుతుంది. మంచి పనిమంతుడే, చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. మనం చెప్పింది ఏమిటో మనకి తెలిస్తే చాలు.

ఇక్కడ అల్లుడికి అన్యాయం చెయ్యకూడదు. వాడు ముందు ఆర్ఎంకి ముందు ఎకో తగిలించి చూశాడు. అంటే నిజంగా తీసెయ్యకుండా, ఏ కమాండ్ నడవబోతోందో రాసి చూపించు అని. ఏ సీనియర్ని అడిగినా ఈ జాగ్రత్తే చెప్తాడు. స్క్రీన్ మీద ఆర్ఎం మైనస్ ఆర్ఎఫ్, దాని పక్కన చుక్క, ఏటవాలు గీత, 'చిత్తూరు పెళ్ళి పాతది' అని ముత్యాల్లా వచ్చింది. మామకి చూపించాడు. మామ నాకు చూపించాడు. ముగ్గురం తల ఊపాం. ఎకో తీసేసి ఎంటర్ కొట్టాడు.

ఏమీ రాలేదు. ఒక్క మాట లేదు, తప్పు అని లేదు, ఒప్పు అని లేదు. లైనక్స్‌కి తాతలాంటి యూనిక్స్‌లో పని సవ్యంగా అయితే ఏమీ చెప్పకపోవడం ఆచారం. తీసెయ్యమన్న పేరుతో ఏమీ లేకపోయినా నోరు మూసుకోమని చెప్పేది ఆ మైనస్ ఆర్ఎఫ్‌లోని ఎఫ్.

సరిగ్గా అప్పుడు చిత్తూరు నుంచి పెళ్ళికొడుకు వాళ్ళమ్మగారు దిగారు. పొద్దున్నే బస్సెక్కి, పూతలపట్టు దాటి, పాకాల దాటి, ఆల్బమ్‌కి ఫొటోలు ఏరడానికి వచ్చారు. చేతిలో సంచీ, సంచీలో కళ్ళజోడు, కళ్ళజోడు పెట్టుకుని కుర్చీ లాక్కుని కూర్చున్నాక "ఏం నాయనా, ముహూర్తం ఫొటోలు తియ్యి" అన్నారు.

అల్లుడు చిత్తూరు ఫోల్డరు తెరవబోయాడు. లేదు. మళ్ళీ చూశాడు. లేదు.

"ఏందిరా?" అన్నాడు మామ.

"ఉండు మామా" అని వాడు చిత్తూరు ముహూర్తం ఫొటోలన్నీ వెతికి ఎక్స్‌ఆర్గ్స్ ద్వారా, పేర్లు చూపించే ఎల్ఎస్‌కి ఇచ్చాడు. స్క్రీన్ మీద గబగబా పేర్లు దిగాయి. "ఉండాయి గదరా! నా ప్రాణం తీసినావు" అని మామ గుండె మీద చెయ్యేసుకున్నాడు. నేను దగ్గరికి వంగి చూశాను. కాళహస్తి, చిత్తూరు పెళ్ళి పాతది, పుత్తూరు, రేణిగుంట. ముహూర్తం అన్న మాటే లేదు. లైనక్స్‌తో మామూలుగా వచ్చే జీఎన్‌యూ రకం ఎక్స్‌ఆర్గ్స్‌కి ఒక గుణం ఉంది, పైపులోంచి ఒక్క పేరు రాకపోయినా సరే కమాండ్‌ని ఒకసారి నడిపి తీరుతుంది. మైనస్ ఆర్ పెడితేనే ఊరుకుంటుంది. పేరు లేకుండా ఎల్ఎస్ నడిస్తే ఉన్నచోట ఏముందో అంతా చూపిస్తుంది. అంటే వాడు చిత్తూరు ముహూర్తం ఎక్కడ అని అడిగితే, అది షాపులో ఉన్న సరుకంతా చదివి వినిపించిందన్నమాట.

ఆ జాబితాలో ఇంకో సంగతి కూడా కనిపించింది. 'చిత్తూరు పెళ్ళి పాతది' పేరుకి మాత్రం ఎల్ఎస్ రెండువైపులా ఒంటి కోట్లు పెట్టింది. మధ్యలో ఖాళీలున్నాయి, ఇదంతా ఒకే పేరు సుమా అని. అల్లుడి మొహం అప్పుడు చూడాలి.

జరిగింది ఇదీ. ఎక్స్‌ఆర్గ్స్‌కి ఖాళీ కనబడితే పేరు అయిపోయినట్టే. ఫైండ్ ఇచ్చిన ఒక్క పేరుని అది మూడు ముక్కలు చేసి చిత్తూరు, పెళ్ళి, పాతది అని ఆర్ఎం చేతికి ఇచ్చింది. పెళ్ళి అనే ఫోల్డరు లేదు, పాతది అనే ఫోల్డరూ లేదు, లేనివాటి గురించి ఎఫ్ మాట్లాడనివ్వదు. చిత్తూరు అనే ఫోల్డరు మాత్రం ఉంది. ఉండేది. 2022 ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లాని విడదీసి తిరుపతి జిల్లా చెయ్యడానికి ప్రభుత్వానికి నోటిఫికేషన్లూ అభ్యంతరాలూ చాలా తతంగం పట్టింది. మావాడు ఒక్క ఎంటర్‌తో చిత్తూరుని అసలు మ్యాపులోనే లేకుండా చేశాడు. తీసెయ్యాల్సిన పాతది మాత్రం వెంట్రుక కూడా కదలకుండా కూర్చుంది.

మరి ఎకో ఎందుకు చెప్పలేదు? ఎకో తనకిచ్చిన ముక్కల మధ్య ఒక్కో ఖాళీ పెట్టి రాస్తుంది. మూడు ముక్కలూ కలిసి మళ్ళీ ఒకే పేరులా కనబడ్డాయి. నాకు ఇందులో నచ్చింది ఇదే, జాగ్రత్తే కొంప ముంచింది. ఎక్స్‌ఆర్గ్స్‌కి మైనస్ ఎన్ ఒకటి పెట్టి ఎకో చేసి ఉంటే ముక్కకో లైను చొప్పున వచ్చి గుట్టు బయటపడేది.

అమ్మగారికి ఓపిక తగ్గుతోంది. అల్లుడు కంగారులో ఉన్న పాతదాన్నే తెరిచాడు. ఆవిడ ఒకటి చూశారు, రెండు చూశారు. "ఇదేంది నాయనా, మావాడు పెళ్ళంతా నిద్రపోయినాడా?"

వాడు ఆవిడకి పాఠం మొదలుపెట్టాడు. యూనిక్స్ పుట్టిన బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెక్‌ఇల్‌రాయ్ అని ఒకాయన పైపుల ఆలోచన చెప్పాడనీ, 1973లో కెన్ థాంప్సన్ వాటిని యూనిక్స్‌లో పెట్టాడనీ. ఆవిడ అంతా విని, "వాళ్ళు 1973లో పెట్టినారు సరే, నా కోడలు తలంబ్రాలు యాడ పెట్టినావో అది చెప్పు" అన్నారు.

పేరులో ఖాళీ పెట్టినవాడిదే తప్పని కొందరంటారు, నేను ఒప్పుకోను. మనుషులు పేర్లు మనుషుల్లాగే పెట్టుకుంటారు. ఫైల్ పేరులో రాకూడనివి రెండే, ఏటవాలు గీత, నల్ అనే సున్నా బైటు. ఖాళీ రావచ్చు, కోట్లు రావచ్చు, ఆఖరికి లైను మార్పు కూడా రావచ్చు. అందుకే ఫైండ్‌కి ప్రింట్ జీరో, ఎక్స్‌ఆర్గ్స్‌కి మైనస్ జీరో పెడితే పేరుకీ పేరుకీ మధ్య ఆ నల్ వచ్చి కూర్చుంటుంది, ఇక ముక్కలయ్యే ప్రసక్తే లేదు. జీఎన్‌యూలో ఎప్పట్నుంచో ఉన్నదే, యూనిక్స్ తరహా సిస్టమ్‌లన్నిటికీ ఉమ్మడిగా 2024లో వచ్చిన పోసిక్స్ ప్రమాణంలోకీ ఎక్కింది. ఇదంతా నేను చెప్తుంటే అల్లుడు బుద్ధిగా విన్నాడు, మామ మాత్రం నా వైపు చూసిన చూపుకి సగంలోనే ఆపేశాను.

ఆయన లేచి, గల్లాపెట్టె కింది సొరుగు లాగాడు. స్వామివారి పటం, దాని కింద పాత రసీదు పుస్తకాలు, వాటి కింద ఒక అగ్గిపెట్టె. అగ్గిపెట్టెలో కెమెరా మెమరీ కార్డు, మీద ప్లాస్టర్ ముక్క అంటించి బాల్‌పెన్నుతో 'చిత్తూరు, బాకీ 15' అని రాసి ఉంది. పదిహేను వేలు. ఫుల్ పేమెంట్ అందేదాకా కార్డు ఫార్మాట్ చెయ్యకూడదనేది ఆయన నియమం. బ్యాకప్ అన్న మాట ఆయన ఎన్నడూ వాడలేదు, బాకీ అన్న మాటే వాడాడు.

అల్లుడు కార్డు పెట్టి కాపీ మొదలెట్టాడు. ఏరిన పనంతా మళ్ళీ చెయ్యాలి, కానీ ముహూర్తం వచ్చింది, తలంబ్రాలు వచ్చాయి, కళ్ళు తెరిచిన పెళ్ళికొడుకు కూడా వచ్చాడు. అందరం తేలిగ్గా నవ్వుకుంటుంటే ఆవిడ మాత్రం నవ్వలేదు. ప్లాస్టర్ ముక్క మీది అక్షరాలు కళ్ళజోడు సర్దుకుని చదువుతున్నారు.

"అంటే నేను డబ్బు కట్టకపోబట్టే నీ పరువు నిలిచిందన్నమాట."

మామ దగ్గర దానికి జవాబు లేదు. బేరం రెండు వేల తగ్గింపు దగ్గర మొదలై, మూడు దగ్గర ఆగి, పైన ఒక పెద్ద ఫ్రేము కూడా ఇచ్చేలా తెగింది. మళ్ళీ ఏరడానికి ఇంకోసారి రావాలి కాబట్టి బస్సు చార్జీ కూడా తగ్గించుకోమన్నారు ఆవిడ.

"2025 ఆగస్టు నుంచి ఆడోళ్ళకి బస్సు ఫ్రీ గదమ్మా!" అన్నాడు మామ, కాస్త ధైర్యం తెచ్చుకుని.

"సీటు దొరకాల గదా నాయనా" అన్నారు ఆవిడ, సంచీ సర్దుకుంటూ.