పెల్లెట్ల పొయ్యికి చిమ్నీ అక్కర్లేదన్న మెసేజ్ గురించి

ఈ చలికాలంలో ఒకే మెసేజ్ నాకు ఆరుసార్లు వచ్చింది: అపార్ట్‌మెంట్ గ్రూపులో రెండుసార్లు, పాత సహోద్యోగుల గ్రూపులో మూడుసార్లు, ఆఖరికి మా వియ్యంకుడుగారి నుంచి ఒకసారి. అద్దాల తలుపు వెనక ఎర్రగా మండుతున్న పొయ్యి ఫొటో, దాని కింద ఈ సమాచారం. అమెరికావాళ్లు ఇళ్లలో బొగ్గు మానేసి, రంపపు పొట్టును గుళికలుగా నొక్కి కాల్చే వుడ్ పెల్లెట్ ఇన్సర్టులనే పొయ్యిలు పెట్టుకుంటున్నారట. పొగ రాదు గనుక చిమ్నీ అక్కర్లేదట, తలుపులు మూసుకుని నిశ్చింతగా పడుకోవచ్చట. పాత బొగ్గు పొయ్యిలోనో మన కుంపటిలోనో పోసుకున్నా చాలట. ఖర్చు సగం, కరెంటుతో పనిలేదు, కార్బన్ సున్నా, బూడిద నామమాత్రం. చివర ‘పదిమందికి పంపండి’ అన్న ఆజ్ఞ.

బాలానగర్‌లో ఒక కర్మాగారపు బాయిలర్ హౌస్‌లో ఉద్యోగమంతా గడిపినవాణ్ణి. పెన్సిల్వేనియాలో మా అమ్మాయి తన ఇంట్లో బొగ్గు పొయ్యి తీయించి ఇన్సర్టు పెట్టించుకున్న చలికాలం అక్కడే ఉన్నవాణ్ణి. అందుకే ఏడోసారి వచ్చేలోపు జవాబు రాస్తున్నాను.

ముందు చిమ్నీ సంగతి. మిగతా తప్పులకు డబ్బు పోతుంది, దీనికి ప్రాణం పోతుంది. పొగ కంటికి కనిపిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. పెల్లెట్ కానివ్వండి, కట్టెబొగ్గు కానివ్వండి, రాక్షసి బొగ్గు కానివ్వండి, గాలి చాలకుండా మండితే ఆ వాయువు పుట్టి తీరుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ దాన్ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి, నిద్రలో ఉన్న మనిషికి ఏదో తేడాగా ఉందని తెలిసేలోపే లేచే శక్తి పోతుంది. మూసిన గదిలో అంగీఠీ (వాళ్ల బొగ్గుల కుంపటి) పెట్టుకుని తెల్లారేసరికి లేవని కుటుంబాల వార్తలు ఉత్తరాది నుంచి ప్రతి చలికాలమూ వస్తూనే ఉంటాయి. పొగంతా పోయి నిప్పులు ఎర్రబడ్డాక లోపలికి తెచ్చుకుంటే ఏమీ కాదన్న నమ్మకమే అక్కడా కొంప ముంచుతోంది.

ఈ మాట గ్రూపులో అంటే ఒక మిత్రుడు, మన అమ్మమ్మలు బాలింత మంచం కింద కుంపటి పెట్టలేదా అని అడిగారు. పెట్టారు. నేను పుట్టినప్పుడు మా అమ్మ మంచం కిందా పెట్టారట. అయితే అది పెంకుటిల్లు. పెంకుల సందుల్లోంచి ఎండ చుక్కలుచుక్కలుగా నేలమీద పడేది, మూసిన తలుపు కిందనుంచి పిల్లి దూరేది. ఆ మిత్రుడు ఏసీ చల్లదనం పోకూడదని కొండాపూర్ ఫ్లాటులో ప్రతి కిటికీకీ రబ్బరు బీడింగు వేయించుకున్నారు. కుంపటిని ఇంటికి తెచ్చేటప్పుడు ఆ పిల్లి దూరే సందును కూడా తెచ్చుకోవాలని ఆయనకు తోచలేదు.

అసలు ఇన్సర్టు అంటేనే చిమ్నీ ఉన్న పాత పొయ్యి గూట్లోకి దూర్చేది. మా అమ్మాయి ఇంట్లో పనివాళ్లు మొదటిరోజు ఇన్సర్టు పెట్టె విప్పనేలేదు, పొద్దంతా చిమ్నీలో మసి గీకారు. గంధకమున్న బొగ్గుమసికి తేమ తగిలితే ఆమ్లమై లోహాన్ని తినేస్తుంది. మర్నాడు కప్పుమీద నుంచి పొయ్యి దాకా 4 అంగుళాల స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం దించారు. చిమ్నీ అక్కర్లేని పొయ్యికి ఇంత తతంగం వాళ్లు సరదాకు చేయించుకుంటున్నారనుకోవాలి. ఇంకొక సంగతి: పెల్లెట్లను వెలిగించకుండా మూసిన గదిలో పెద్దమొత్తంలో నిల్వ పెట్టినా అవి తమంతట తామే కార్బన్ మోనాక్సైడ్ విడుస్తాయి. ఐరోపాలో అలాంటి నిల్వ గదుల్లోకి దిగిన మనుషులు చనిపోయారు.

కుంపటి సలహాకు రెండు వాక్యాలు చాలు. గుళిక 6 మిల్లీమీటర్ల లావుంటుంది కనుక బొగ్గు పొయ్యి ఊచల సందుల్లోంచి కిందికి రాలిపోతుంది. కుంపటిలో పోస్తే గాలాడని కుప్పగా రగులుతూ, రాదని మెసేజ్ హామీ ఇచ్చిన పొగనే గదినిండా పంచుతుంది.

కరెంటుతో పనిలేదన్నవారు ఆ యంత్రాన్ని చూసి ఉండరు. మోటారుతో తిరిగే స్క్రూ ఒకటి గుళికలను కొద్దికొద్దిగా మంటగిన్నెలోకి జారవిడుస్తుంది. రాత్రిళ్లు టిక్కుటిక్కుమని అవి పడే చప్పుడు నా పడకగదిలోకి వినిపించేది. ఒక ఫ్యాను మంటకు గాలిచ్చి పొగను బయటికి తోస్తుంది, మరొకటి వేడిని గదిలోకి పంపుతుంది, ముట్టించడానికి సుమారు 300 వాట్ల హీటరు వేరే. మంచు తుఫానులో కరెంటు పోయిన రాత్రి మమ్మల్ని కాపాడినవి రగ్గులే. చేత్తో బొగ్గు వేసుకునే ఆ పాత పొయ్యి అయితే కరెంటు సంగతే పట్టించుకునేది కాదు.

ఖర్చు సగమట. అక్కడి ఆంత్రసైటు అనే గట్టి బొగ్గు కిలోకు దాదాపు 7,000 కిలోకేలరీల వేడి ఇస్తే పెల్లెట్లు 4,500 దాకా ఇస్తాయి, అంటే టన్ను బొగ్గు చేసే పనికి టన్నున్నర పెల్లెట్లు కావాలి. టన్నుకు టన్ను ధర పోల్చేవారు కిలో నెయ్యి మానేసి కిలో మజ్జిగ కొనుక్కుని లాభపడ్డామనుకోవచ్చు.

కార్బన్ సున్నా అన్నది మరీ విడ్డూరం. వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ లెక్కలో ఒక గిగాజౌల్ వేడికి కట్టె 112 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలితే ఆంత్రసైటు సుమారు 98 కిలోలు వదులుతుంది. చెట్టు మళ్లీ పెరిగి దాన్ని పీల్చుకునే మాట నిజమే గానీ, దానికి దశాబ్దాలు పడుతుంది. అప్పు తీరుస్తానని మాటిచ్చినవాడి ఖాతాను ఆరోజే కొట్టేసే షావుకారు నాకింతవరకు కనబడలేదు. ఎలాగూ కుళ్లిపోయే రంపపు పొట్టుతో చేసిన గుళికలైతే ఈ లెక్క మారుతుంది, గుళికల కోసమే దుంగలు కొట్టినప్పుడు మారదు.

ఇక బూడిద. ఇక్కడ నేను ఓడిపోయాను. మంచి చెక్క పెల్లెట్లలో బూడిద 1 శాతం లోపే. బాయిలర్లో సింగరేణి బొగ్గు కాల్చిన నాకు 30 శాతం బూడిద కూడా వింత కాదు. బొగ్గు పొయ్యి తీయించవద్దని అమ్మాయితో వారం రోజులు వాదించినవాణ్ణి నేనే. అంతకుముందు తను రోజూ పొద్దున్నే గుమ్మం దాకా బకెట్టెడు బూడిద మోసేది. ఇన్సర్టు వచ్చాక వారానికోసారి చిన్న ట్రే దులిపితే సరిపోయింది, ఇంట్లో గంధకపు వాసన కూడా పోయింది. ఇదంతా చెక్క పెల్లెట్ల మాట. మన దగ్గర థర్మల్ కేంద్రాల కోసం చేసే వరిగడ్డి గుళికల్లో బూడిద 15 శాతం దాకా ఉంటుంది, అలాంటివి ఆ చిన్న మంటగిన్నెలో పోస్తే బూడిద కరిగి చిట్టెంలా గట్టిపడుతుంది.

కాబట్టి బూడిద గురించిన వాక్యం వరకు ఎవరికైనా పంపుకోండి, నాకు అభ్యంతరం లేదు. చిమ్నీ వాక్యాన్ని మాత్రం చెరిపేసి పంపండి. ఇప్పటికే పంపి ఉంటే, ఆ పదిమందికీ ఫోను చేసి చెప్పండి.